ఇతరములు

“పాస్‌పోర్టుకు నవ్వొద్దక్కా, పెదవులు మూస్కో”
అన్నడు ఫొటో స్టూడియో పిలగాడు.
నలభై రెండేండ్లల్ల మొదటిసారి
నా గారపళ్ళను దాచుకొమ్మని
సర్కారే అడిగింది.
ఎంత నిమ్మళంగ మూసుకున్ననో నోరు!

చిట్టీ ఎత్తింది పోయిన నెల.
“పుస్తెలతాడు చేయించుకోరాదే” అన్నది అండాలమ్మ.
నేను నోటుబుక్కుల గీతలు కొట్టి రాసుకున్న:
విమానం ఇంత. పచ్చజ్వరం సూది ఇంత.
దోమతెర కోఠిల కొంటే అగ్గువ.
పడవ, నాలుగు పగళ్ళు నాలుగు రాత్రులు.
తమ్ముని పేరు కాడ
పెన్ను ఆగింది.

ఐలేశు
మర్రిగూడ బస్టాండు పక్కన సెల్‌ఫోన్లు బాగుజేస్తడు.
ఎనిమిదేండ్లప్పుడు నిటారుగ ఉరికినోడు
పదిహేనేండ్లకు కొడవలి లెక్క వంగిండు.
మా బోరునీళ్ళు తియ్యగుండేటియి,
అదే మోసం.
నిలబడితే వానికి భూమే కనబడ్తది.
ఆకాశం చూడాల్నంటే గోడకు ఒరగాలె.

ఆ నది ముచ్చట తెచ్చింది వాడే.
ఎవరిదో పగిలిన ఫోనుకు కొత్త అద్దమేసి
రంగులు సక్కగున్నయా అని ఒక వీడియో పెట్టిండట.
చెట్ల మీద చెట్లు, ఒడ్డు దొరకని నీళ్ళు.
ఫోను బాగైంది.
వీడే కాలేదు.

“అమెజాన్ అంటరక్కా.”
“పార్సిళ్ళు తెచ్చే కంపెనీ గాదుర?”
“నది. కంపెనీ నిన్నమొన్నటిది.
ఆడ రెండు నదులు కలుస్తయంట,
ఒకటి డికాషన్ రంగు, ఒకటి పాలు పోసిన చాయ్.
కలిసి గూడ కలవకుంట కోసుల దూరం పక్కపక్కనే పోతయంట,
మన లెక్క.”
మన లెక్క అని ఎందుకన్నడో
నేను అడగలే.

జిల్లా నీటి పరీక్షల ఆఫీసుల
సీసాలు కడిగి, చుక్కలేసి, రంగు చూసే మనిషిని నేను.
గులాబి గులాబిగనే ఉంటే తాగొచ్చు.
పసుపుకు తిరిగితే ఊరిపేరు ఎర్రసిరాతోని.
పంతొమ్మిదేండ్లు.
ఎన్ని ఊర్లో నా వేళ్ళకు ఎరుక.

“గంటల కొద్ది విమానం. నీ నడుము?”
“ఒరుగుత.”
“పడవల మంచాలుండయిరా.”
“అదే చెప్తున్న. ఉయ్యాలలు కడ్తరు,
మందంత వరుసగ, గబ్బిలాల తీరు.
అక్కా, నా బొక్కలు ఏ మంచానికీ సరిపోలే.
ఈ వంపుకు కొలతలు తీసి కుట్టినట్టు
దునియాల ఒక్కటే పక్కున్నది.
అది ఆ నది మీదున్నది.”

ఐతారం నాడు రిహార్సలు.
వాటర్ ట్యాంకు రెండు కాళ్ళ నడుమ
పాత జంపఖానా, పనిలేని బాయి చేంతాడు.
వాన్ని ఎత్తి పండబెట్టిన.
తాడు కిర్రుమన్నది. గుడ్డ వంగింది.
వాడు వంగాల్సిన పని రాలే.
నెత్తి మీద అరవై వేల లీటర్ల కృష్ణ,
పైపుల్ల ఎక్కి
ముప్పై ఏండ్లు ఆలస్యంగ వచ్చిన నది,
ఏడనో సందు దొరికి చుక్క చుక్క కారుతుంటే
వాడు మొకం ఎత్తకుంటనే ఆకాశం చూస్తుండె.
పిల్లలు మూగిండ్రు, “మామా, యాడికి?”
“లొల్లి జేయకుండ్రి.
ఇంక మూడు దినాల పయనమున్నది.”

సెలవు చీటీల కారణం గడి ఖాళీగనే ఇచ్చిన.
“తిరుపతికా?” అన్నడు రహమతుల్లా సారు.
“నీళ్ళు చూసొస్త సార్.”
“రోజు చూస్తనే ఉన్నవ్ గదమ్మా.”

సంచిల ఒక ఖాళీ సీసా పెట్టుకున్న.
చీటీ ముందే అంటించిన:
గ్రామం, మండలం, తేదీ.
నీటి వనరు: బోరు, చేతిపంపు, బాయి, ఇతరములు.
పంతొమ్మిదేండ్లల్ల ఒక్కసారి గూడ
టిక్కు పడని నాలుగో గడి.
“పసుపుకు తిరిగితే?” అన్నడు ఐలేశు.
“దాని పేరు గూడ ఎర్రసిరాతోనే రాస్త.”
చాన సేపు నవ్విండు, గారపళ్ళన్ని కనబడంగ.

లెక్క ప్రకారం
ఇంక లక్షా పదివేలు తక్కువున్నయి.
చేంతాడు మాత్రం
ట్యాంకు కాళ్ళకు అట్లనే ఉన్నది, విప్పలే.